మీ మాట అవతలివాళ్ళకు వినపడాలంటే: ఫోన్ కాల్స్ కోసం వైర్‌లెస్ హెడ్‌సెట్ ఎలా ఎంచుకోవాలి

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నేను బుకింగులు చూస్తాను. పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డు, ఎదురుగా వెల్డింగ్. పొద్దున తొమ్మిది నుంచి చీకటి పడే దాకా ఎక్కడో ఒకచోట సుత్తి మోగుతూనే ఉంటుంది. రోజుకి యాభై, అరవై కాల్స్. ఈ గోల పడలేక మూడేళ్ళ కిందట ఆరు వేలు పెట్టి ఇయర్‌బడ్స్ కొన్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘40 డెసిబెల్స్ నాయిస్ క్యాన్సిలేషన్’ అని ఉంది. చెవిలో పెట్టుకోగానే షెడ్డు సద్దుమణిగింది, ప్రాణం లేచొచ్చినట్టయింది. మొదటి కాల్ చిలకలూరిపేట దగ్గరున్న డ్రైవర్‌కి చేశాను. రెండు మాటలు మాట్లాడానో లేదో, ‘‘అన్నా, ఎవరో రేకులు బాదుతున్నారు, కాస్త పక్కకెళ్ళి మాట్లాడు’’ అన్నాడు.

నాకు ప్రశాంతంగా ఉంది, సుత్తి దెబ్బలన్నీ అతని చెవిలో పడుతున్నాయి. నేను డబ్బు పెట్టింది నా చెవికి. బాగుపడాల్సింది అతని చెవి. హెడ్‌సెట్ల దుకాణంలో నూటికి తొంభై మంది ఇక్కడే దెబ్బతింటారని నా లెక్క. పాటలకీ సినిమాలకీ కాకుండా ముఖ్యంగా కాల్స్ కోసమే కొనేవాళ్ళకి ఈ కింది వరుసలో వెళ్తే పని తేలికవుతుంది.

1. పెట్టె మీది మాటల్ని ముందు రెండు కుప్పలు చేయండి

ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్) అని రాసి ఉంటే అది మీ చెవి కోసం. బయట మైకు చుట్టూ ఉన్న రొదను విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపలి స్పీకర్‌తో పుట్టించి, రెండూ కొట్టుకుపోయేలా చేస్తుంది. ఆలోచన చాలా పాతది. పౌల్ లూగ్ అనే జర్మన్‌కి 1936లోనే దీని మీద అమెరికా పేటెంట్ దక్కింది. అది చెవికెక్కే వస్తువుగా మారడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1978లో జూరిచ్ నుంచి విమానంలో వస్తూ, ఇంజన్ హోరులో పాట సరిగ్గా వినపడక విసిగిపోయిన బోస్ ఆడియో కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ అక్కడే కాగితం మీద లెక్కలు వేసుకున్నారని చెబుతారు. ఆయన తండ్రి బెంగాలీ. పైలట్ల కోసం ఆయన కంపెనీ హెడ్‌సెట్ బజారులోకి వచ్చింది 1989లో.

విమానం హోరుతో మొదలైన ఈ విద్య ఇప్పటికీ హోరు మీదే బాగా పనిచేస్తుంది. ఏసీ, బస్సు ఇంజన్, జనరేటర్ లాంటి ఆగకుండా సాగే మందపు శబ్దాలను బాగా నొక్కేస్తుంది. కుక్కర్ విజిల్, గిన్నె కిందపడ్డ చప్పుడు, పక్కవాళ్ళ మాటలు చాలావరకు అలాగే వస్తాయి. ఆ 40 డెసిబెల్స్ అంకె కూడా అన్ని శబ్దాలకీ వర్తించేది కాదు. ఏదో ఒక పౌనఃపున్యం (శబ్దం ఎంత సన్నం, ఎంత మందం అన్న లెక్క) దగ్గర ఎక్కువలో ఎక్కువగా వచ్చిన తగ్గింపునే సాధారణంగా పెట్టె మీద వేస్తారు.

ఈఎన్‌సీ, ‘కాల్ నాయిస్ రిడక్షన్’, ‘ఏఐ కాల్స్’, ‘క్వాడ్ మైక్’ లాంటివి రెండో కుప్ప. ఇవి మీ మైకులోకి వచ్చే రొదను తగ్గించడానికి, అంటే అవతలివాళ్ళ కోసం. మనకి కావాల్సిన కుప్ప ఇది. దీనికి అందరూ ఒప్పుకున్న కొలమానం పెట్టె మీద ఉండదు. మైకులు నాలుగు, ఆరు అని గొప్పగా వేస్తారు గానీ వాటిలో కొన్ని ఏఎన్‌సీ కోసం చెవి వైపు పనిచేసేవే. నాలుగు మైకులున్నవాటి కంటే రెండున్నవి బాగా వినిపించడం నేనే చూశాను. కాబట్టి ఈ కుప్పలో అంకెల్ని నమ్మి లాభం లేదు, చెవితో వినాల్సిందే. అది చివర్లో చెబుతాను.

అలాగని ఏఎన్‌సీ దండగ కాదు. చుట్టూ హోరు తగ్గితే అవతలివాళ్ళ మాట తక్కువ వాల్యూమ్‌లోనే తెలుస్తుంది. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోడ్డు పక్క నిలబడి వాల్యూమ్ చివరిదాకా పెంచి మాట్లాడే అలవాటున్నవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. చెవులు రెండూ మూసుకుపోతే మన గొంతు మనకే సరిగ్గా వినపడదు, తెలియకుండానే అరుస్తాం. మా ఆఫీసులో కుర్రాడు ఒకడు ఇలాగే అద్దెల గొడవ వీధి వీధంతా వినేలా మాట్లాడాడు. ‘సైడ్‌టోన్’ ఉన్న హెడ్‌సెట్‌లో మన గొంతు కొద్దిగా మన చెవికీ వినపడుతుంది. కాల్స్ ఎక్కువ మాట్లాడేవాళ్ళు ఈ సదుపాయం ఉందేమో అడిగి తీసుకోండి.

2. ఒక రోజు మీ కాల్స్ లెక్క రాయండి

దుకాణానికి వెళ్ళే ముందు ఒక్కరోజు కాగితం మీద రాసుకోండి: ఎక్కడ నిలబడి మాట్లాడారు, చుట్టూ ఏం చప్పుడు, ఎంతసేపు, ఒక చెవి ఖాళీగా ఉండాలా, రెండు ఫోన్లున్నాయా.

చప్పుడు రకాన్ని బట్టి సరుకు మారుతుంది. ఫ్యాన్, ఏసీ, ట్రాఫిక్ హోరు లాంటివాటిని ఈ రోజుల్లో వెయ్యి రూపాయల సరుకు కూడా కొంత వడకట్టేస్తుంది. సుత్తి, హారన్, మిక్సీ కొంచెం కష్టం. అన్నిటికంటే కష్టం పక్కవాళ్ళ మాటలు. మైకుకి వచ్చిన శబ్దాన్ని వడకట్టే ప్రోగ్రాం (సాఫ్ట్‌వేర్) ‘ఏది మనిషి గొంతు, ఏది కాదు’ అని వేరుచేస్తుంది. పక్క టేబుల్‌ది కూడా మనిషి గొంతే కదా. టీవీలో సీరియల్ నడుస్తున్న హాల్లో కూర్చుని ఆఫీసు కాల్ మాట్లాడే ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి, కాల్ సెంటర్లలో వరుసగా కూర్చునేవాళ్ళకి, పెళ్ళి మండపంలో క్యాటరింగ్ చూసుకునేవాళ్ళకి వచ్చే బాధ ఇదే. వీళ్ళకి ప్రోగ్రాం కంటే మైకు నోటికి ఎంత దగ్గరగా ఉందనేదే ఎక్కువ అక్కరకొస్తుంది.

గాలిది వేరే కథ. మైకు రంధ్రాన్ని గాలి నేరుగా తాకితే అవతలివాళ్ళకి ‘బర్ బర్’మని వినపడుతుంది, మాట పూర్తిగా పోతుంది. పొలం గట్టు మీద, బీచ్ రోడ్డులో, మేడ మీద మాట్లాడేవాళ్ళే కాదు, సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చునేవాళ్ళూ దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

బైకు మీద మాట్లాడటానికి ఏది బాగుంటుందని నన్ను చాలామంది అడుగుతారు. ఏదీ బాగుండదు. వెనక నుంచి వచ్చే లారీ హారన్‌ని కూడా ఏఎన్‌సీ మింగేయొచ్చు. చెవిలో పెట్టుకున్నాం కదా, చేతిలో లేదు కదా అని పోలీసులతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు. బండి పక్కకి ఆపి మాట్లాడండి.

3. ఆకారం ఎంచుకోండి (ఇక్కడే ఎక్కువసేపు ఆగండి)

మీ నోటి నుంచి మైకు దూరం రెట్టింపయిన ప్రతిసారీ మైకుకి చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. చుట్టూ ఉన్న గోల మాత్రం అంతే ఉంటుంది. కడ్డీ మైకు (చెవి దగ్గర నుంచి నోటి వైపు చాచి ఉండే సన్నటి కడ్డీ చివర ఉండే మైకు) పెదవి అంచుకి 3 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చెవిలో పెట్టే బడ్ నోటికి దాదాపు 12 సెంటీమీటర్లు. అంటే దూరం రెండుసార్లు రెట్టింపయింది, గొంతు 12 డెసిబెల్స్ వెనకబడింది. ఈ లోటును బడ్ తన ప్రోగ్రాంతో పూడ్చుకోవాలి. కడ్డీ మైకుకి ఆ కష్టమే లేదు. ఏ తెలివైన చిప్పు వచ్చినా ఈ లెక్క మారదు కాబట్టి, కాల్స్ కోసమే కొనేటప్పుడు నా ఓటు ఎప్పుడూ కడ్డీ మైకుకే.

కడ్డీ మైకుల్లో రెండు రకాలు. ఒక చెవికి తగిలించుకునే మోనో హెడ్‌సెట్ ఒకటి. పాలీ కంపెనీ వాయేజర్ 5200 ఈ రకంలో బాగా పేరున్నది: బరువు 20 గ్రాములు, నాలుగు మైకులు, మాటల సమయం 7 గంటల దాకా అని కంపెనీ లెక్క. రెండో చెవి ఖాళీ కాబట్టి ఆఫీసులో ఎవరైనా పిలిస్తే తెలుస్తుంది. ఏఎన్‌సీ మాత్రం ఈ రకంలో సాధారణంగా చెవి వైపు ఉండదు. నాయిస్ క్యాన్సిలింగ్ అని పెట్టె మీద ఉంటే అది మైకుది. మనకి కావాల్సిందీ అదే. ఇంతకీ ఈ పాలీ పాత పేరు ప్లాంట్రానిక్స్. 1969లో చంద్రుడి మీంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాట్లాడిన మాటలు భూమికి చేరింది ఆ కంపెనీ మైకు గుండానే. 2022లో దాన్ని హెచ్‌పీ కొనేసింది.

తల మీద పట్టీతో, పెద్ద కడ్డీతో వచ్చేవి రెండో రకం. అమెరికాలో లారీ డ్రైవర్లు వాడే బ్లూప్యారట్ ఈ జాతిదే. చూడటానికి బాగుండదు, ఎండాకాలం చెవి చెమట పడుతుంది, కానీ ఇంజన్ పక్కన నిలబడి మాట్లాడినా అవతలికి మాట తెలుస్తుంది. రోజంతా కంప్యూటర్ ముందు మీటింగులుంటే జాబ్రా ఎవాల్వ్, పాలీ వాయేజర్ ఫోకస్ లాంటి ఆఫీసు రకాలు చూడొచ్చు. వాటిలో కడ్డీ మైకూ, కొన్ని మోడళ్ళలో చెవికి ఏఎన్‌సీ రెండూ ఉంటాయి.

నెక్‌బ్యాండ్ మన ఊళ్ళలో అందరి మెడలోనూ కనిపిస్తుంది. చవక, ఛార్జింగ్ రోజుల తరబడి నిలుస్తుంది, చెవి నుంచి జారినా మెడలోనే ఉంటుంది, కాబట్టి పోదు. కాకపోతే చాలావాటిలో మైకు మెడ పట్టీలోనో, తీగ మధ్యలో వేలాడే బటన్ల దగ్గరో ఉంటుంది. చొక్కా కాలర్‌కి రాసుకుంటే ‘సర్ సర్’మని శబ్దం, చున్నీ కింద ఉంటే మాట బావిలోంచి వచ్చినట్టు. కొనే ముందు మైకు రంధ్రం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే ఆ అమ్మేవాడి మిగతా మాటలు కూడా పక్కన పెట్టొచ్చు.

విడివిడి బడ్స్‌లో కాడ కిందికి దిగినవి కాస్త మేలు, మైకు నోటి వైపు రెండు మూడు సెంటీమీటర్లు దగ్గరవుతుంది. పైస్థాయి వాటిలో కొన్నిటికి దవడ ఎముక కదలికను పట్టే సెన్సర్ ఉంటుంది. మీరు మాట్లాడుతున్నారా, పక్కవాళ్ళా అన్నది దాన్నిబట్టి తెలుసుకుంటాయి. ప్రశాంతమైన గదిలో, కారులో, నడకలో బడ్స్‌తో ఇబ్బంది లేదు. రోజుకి నాలుగైదు కాల్సే మాట్లాడేవాళ్ళు, మిగతా టైంలో పాటలు వినేవాళ్ళు హాయిగా బడ్సే కొనుక్కోండి. ఆటోనగర్‌కి మాత్రం వద్దు.

ఎముక గుండా శబ్దం పంపే రకం కూడా ఉంది, చెవి రంధ్రం ఖాళీగా ఉంటుంది. చెవిలో ఏదైనా పెడితే దురద, చీము వచ్చేవాళ్ళకి అది వరం. గోలలో మాత్రం అవతలివాళ్ళ మాట మీకే వినపడదు.

4. బ్లూటూత్ లోగుట్టు ఒకటి తెలుసుకోండి

పాటలు వెళ్ళే దారి వేరు, కాల్స్ వెళ్ళే దారి వేరు. పాటల దారి పేరు ఏ2డీపీ, కాల్స్ దారి పేరు హెచ్‌ఎఫ్‌పీ. సోనీ తెచ్చిన ఎల్‌డీఏసీ అనే పద్ధతి పాటను సెకనుకి 990 కిలోబిట్ల దాకా పంపగలదు. కాల్ మొదలైన క్షణంలో అదంతా ఆగిపోయి హెడ్‌సెట్ కాల్స్ దారిలోకి దిగుతుంది. ఆ దారిలో 64 కిలోబిట్లే. నిన్నటిదాకా పాట అంత బాగా వినిపించిన బడ్స్‌లో కాల్ రాగానే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటానికి కారణం ఇదే. పాడైపోయాయని తిరిగిచ్చేసినవాళ్ళున్నారు. కాబట్టి ఎల్‌డీఏసీ అనో, అలాంటిదే అయిన ఆప్ట్‌ఎక్స్ అనో చూపించి వెయ్యి ఎక్కువ అడిగితే, కాల్స్ వరకు ఆ వెయ్యి ఇవ్వక్కర్లేదు.

అడగాల్సింది ‘వైడ్‌బ్యాండ్’ లేదా ‘హెచ్‌డీ వాయిస్’ ఉందా అని. పాత పద్ధతిలో గొంతు 3,400 హెర్ట్జ్ దగ్గర తెగిపోతుంది. ఎంఎస్‌బీసీ అనే పద్ధతి ఉంటే దాదాపు 7,000 దాకా వెళ్తుంది. ‘స’, ‘ఫ’ లాంటి అక్షరాల్లో ఉండే ఊపిరి శబ్దం ఎక్కువగా 4,000కి పైనే ఉంటుంది, పాత దారిలో అదంతా రాలిపోతుంది. ఈ మధ్య కొన్న ఫోన్లు, పేరున్న హెడ్‌సెట్లు చాలావరకు దీన్ని ఇస్తున్నాయి. అయితే మూడు చోట్లా ఉండాలి: మీ హెడ్‌సెట్, మీ ఫోన్, నెట్‌వర్క్. ఫోన్ సెట్టింగుల్లో వోల్టీ (4జీ మీద కాల్స్ పంపే సదుపాయం) ఆపేసి ఉంటే ఎంత మంచి హెడ్‌సెట్ అయినా పాత డబ్బా గొంతే వస్తుంది. ముందు అది ఆన్ చేసుకోండి, రూపాయి ఖర్చు లేదు.

ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి 2020లో ప్రకటించారు. అందులో శబ్దాన్ని కుదించి పంపే ఎల్‌సీ3 వల్ల తక్కువ బిట్లతోనే గొంతు ఇంకా స్పష్టంగా వెళ్తుంది. మీ ఫోన్‌లో కూడా ఉంటేనే ఉపయోగం. ఫోన్ మార్చే ఆలోచన లేకపోతే దీని కోసం ఎక్కువ పెట్టకండి. పెట్టె మీది బ్లూటూత్ 5.3, 5.4 అంకెలకీ, మీ గొంతు నాణ్యతకీ నేరుగా సంబంధం లేదు.

5. చిన్న చిన్నవి, గబగబా

రెండు ఫోన్లు, లేదా ఫోనూ ల్యాప్‌టాపూ ఉంటే ఒకేసారి రెండిటికీ కలిసి ఉండే ‘మల్టీపాయింట్’ తప్పనిసరి. ఒకే ఫోన్‌లో రెండు సిమ్ములుంటే అక్కర్లేదు.

మ్యూట్‌కి నొక్కే బటన్ ఉండాలి. తాకితే పనిచేసే రకం చెమట వేళ్ళతో, తడి చేతులతో తిక్కగా ప్రవర్తిస్తుంది. జుట్టు సవరించుకోబోయి కాల్ కట్ చేసిన అనుభవం నాకుంది, అది కూడా ఓనర్‌తో మాట్లాడుతుండగా.

ఛార్జింగ్ విషయంలో ‘మొత్తం 50 గంటలు’ అన్నది డబ్బాతో కలిపి, పాటల లెక్క. మీరు వెతకాల్సింది ‘టాక్ టైమ్’. కాల్‌లో మైకులు, ప్రోగ్రాం పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి అది పాటల సమయం కంటే బాగా తక్కువ. ఏఎన్‌సీ పెడితే ఇంకా తగ్గుతుంది. బ్యాటరీ ఏడాదిన్నర, రెండేళ్ళకి నీరసపడుతుంది గనుక, మీ అవసరం రోజుకి 4 గంటలైతే 7 గంటలున్నది కొనండి. యూఎస్‌బీ-సీ ఉంటే ఫోన్ ఛార్జరే సరిపోతుంది.

నీళ్ళనీ దుమ్మునీ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ గుర్తు కూడా చూడండి, చెమట, చినుకులకి ఐపీఎక్స్4 చాలు. దుమ్ములో పనైతే మధ్యలో ఎక్స్ బదులు అంకె ఉన్నది, ఐపీ55 లాంటిది చూడండి. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు చెవి వెనక తగిలించే రకాన్ని కళ్ళజోడుతోనే వేసుకుని చూడాలి, పావుగంటలోనే నొప్పి తెలిసిపోతుంది. బడ్స్‌కి మూడు సైజుల రబ్బరు తొడుగులు ఇస్తారు. చాలామంది పెట్టెలో వచ్చినప్పుడున్న మధ్య సైజుతోనే కాలం గడిపేస్తారు. తొడుగు వదులైతే ఏఎన్‌సీ సగం పోయినట్టే.

6. అసలుదేనా, వాపసు తీసుకుంటారా

వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు, ఇయర్‌ఫోన్లు మన దేశంలో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) దగ్గర తప్పనిసరిగా నమోదు కావాల్సిన వస్తువుల్లో ఉన్నాయి. పెట్టె మీదో వస్తువు మీదో ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు అన్నది వస్తుంది. పేరు కలవకపోతే వదిలేయండి. పెద్ద బ్రాండు బడ్స్‌ని ‘ఫస్ట్ కాపీ’ అని బజార్లో ఎనిమిది వందలకి ఇస్తారు. ఆకారం అచ్చు అలాగే ఉంటుంది, మైకు మాత్రం ఆ ఎనిమిది వందలదే.

ఆన్‌లైన్‌లో కొంటే ‘రిటర్న్’ అని ఉందా, ‘రీప్లేస్‌మెంట్’ అనే ఉందా చూడండి. రెండోదైతే నచ్చలేదని డబ్బు వెనక్కి రాదు, అదే మోడల్ ఇంకోటి పంపుతారు. కాల్స్ నాణ్యత అన్నది వాడితేనే తెలిసే విషయం గనుక, రెండు మూడు వందలు ఎక్కువైనా వాపసు ఉన్నచోటే కొనడం నయం. బడ్స్ తొడుగులు వాడితే శుభ్రత పేరుతో దుకాణాలవాళ్ళు వెనక్కి తీసుకోరు, ముందే అడగండి.

ధరల మాట. ఆఫీసు రకం కడ్డీ మైకు హెడ్‌సెట్లు ఎక్కువగా ఆరేడు వేల పైనే. అంత పెట్టలేకపోతే, ఖరీదైన ఏఎన్‌సీ బడ్స్ వైపు సగం దారి వెళ్ళడం కంటే, ఏఎన్‌సీ లేని రెండు వేల లోపు కడ్డీ మైకు దానితో మొదలుపెట్టడం మంచిది. తగ్గింపు ధర చూసి పాత మోడళ్ళు కొనేటప్పుడు ఆ వరస ఇంకా నడుస్తోందో లేదో కనుక్కోండి. జాబ్రా తన ఎలీట్ బడ్స్‌నీ, టాక్ అనే మోనో హెడ్‌సెట్లనీ ఆపేస్తున్నట్టు 2024 జూన్‌లో ప్రకటించింది. మిగిలిన సరుకు చవకగా దొరికితే తీసుకోవచ్చు, వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకుని.

7. మొదటి మూడు రోజుల్లోనే పరీక్ష పెట్టండి

కొనే ముందు చేయగలిగింది కొంత ఉంది. ఆ మోడల్ మైకు నమూనా వినిపించే వీడియోలు వెతకండి. నిశ్శబ్ద గదిలో తీసినవి వదిలేయండి, రోడ్డు పక్క తీసినవి వినండి. ఫోన్ స్పీకర్‌లో కాకుండా తీగ ఇయర్‌ఫోన్‌తో వింటే తేడా తెలుస్తుంది.

కొన్నాక చేయాల్సిన పరీక్షకి ఇంకో ఫోన్, ఓపికున్న ఇంకో మనిషి కావాలి. నాకు మా అమ్మాయి దొరికింది, ఐస్‌క్రీమ్ మీద బేరం కుదిరింది. అవతలి ఫోన్‌లో, వాళ్ళకి చెప్పి, కాల్ రికార్డ్ చేయించండి. మీ ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి చూసుకోకండి, అది చాలాసార్లు హెడ్‌సెట్‌ని వదిలేసి ఫోన్ మైకునే వాడుతుంది. నిజమైన కాల్‌లో అవతల వినపడిందే లెక్క.

నాలుగు చోట్ల నుంచి ఫోన్ చేయండి: ఫ్యాన్ కింద, మిక్సీ తిరుగుతుండగా వంటింటి గుమ్మంలో, టీవీ పెద్దగా పెట్టిన హాల్లో, రోడ్డు మీద. ప్రతిచోటా అవే మాటలు చెప్పండి. ‘హలో హలో, వినపడుతోందా’ అంటే ఎవరైనా ‘ఆఁ వినపడుతోంది’ అంటారు, దాంతో ఏమీ తేలదు. తప్పుగా వినపడే మాటలు చెప్పాలి. నా జాబితా ఇది: ఇరవై, అరవై. పదిహేను, పదిహేడు. ఖమ్మం, కంభం. ఒక ఫోన్ నంబరు, ఒక లారీ నంబరు. అవతలివాళ్ళు విన్నది కాగితం మీద రాయాలి.

ఇరవై, అరవై ఊరికే పెట్టలేదు. రొదను నొక్కే ప్రోగ్రాం కొన్నిసార్లు మీరు మాట మొదలుపెట్టాకే మేలుకుంటుంది, మొదటి అచ్చు మింగేస్తుంది. అవతల రెండూ ‘రవై’ అనే వినపడతాయి. మా ఆఫీసులో అరవై బస్తాలు ఇరవై అయిన రోజు ఒకటుంది. ఖమ్మం వెళ్ళాల్సిన లోడు కంభం దారి పట్టబోయి మార్టూరులో ఆగిన రోజు ఇంకొకటి. రెండుసార్లూ ఇవతల ఉన్నది నా ఆరు వేల బడ్సే.

రికార్డింగ్ వినేటప్పుడు మూడు గమనించండి. మొదటిది, మీరు ఆగినప్పుడు వెనక ఏం వినపడుతోంది. కొంచెం హోరు ఉన్నా ఫరవాలేదు. పూర్తి నిశ్శబ్దమైపోయి, మళ్ళీ మాట్లాడగానే గోల ఒక్కసారిగా లేస్తుంటే అవతలివాళ్ళకి తలనొప్పి. రెండోది, గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు, యంత్రం మాట్లాడుతున్నట్టు మారుతోందా. రొదను అతిగా గీకేస్తే గొంతు కూడా లేచిపోతుంది. కొన్ని హెడ్‌సెట్ల యాప్‌లో ఈ స్థాయిని తగ్గించుకోవచ్చు, ముందు అది చేసి చూడండి. మూడోది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటైనా తెగుతోందా. బేరాలాడేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం, మధ్యలో అడ్డం పడకుండా బేరం ఎక్కడైనా జరుగుతుందా.

ఈ పరీక్షలో అంకెలు నాలుగుచోట్లా సరిగ్గా చేరితే ఉంచేసుకోండి. టీవీ దగ్గర మాత్రమే తప్పితే, మీ పని అలాంటి చోట కానప్పుడు సర్దుకోవచ్చు. ఫ్యాన్ కిందే తప్పితే అదే రోజు వెనక్కి పంపేయండి.

8. కొన్నాక ‘కట్ కట్’ అవుతుంటే

వెంటనే హెడ్‌సెట్‌ని తిట్టకండి. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. మోనో హెడ్‌సెట్ కుడి చెవికి ఉండి, ఫోన్ ఎడమ వెనక జేబులో ఉంటే మధ్యలో మీరే గోడ. ఫోన్‌ని అదే వైపు జేబులోకి, వీలైతే చొక్కా జేబులోకి మార్చండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. ఇంట్లో వైఫై కూడా 2.4 మీదే నడుస్తుంటే ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి చూడండి.

గొంతు రోజురోజుకీ మందగిస్తుంటే మైకు రంధ్రం చూడండి. దుమ్ము, పౌడరు, నూనె కలిసి పూడిపోతుంది. మెత్తటి పొడి టూత్‌బ్రష్‌తో, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని తుడవండి. సూది పెట్టి పొడిస్తే లోపలి పొర చిరుగుతుంది, నేను ఒకదాన్ని అలాగే చంపాను. కడ్డీ మైకు చివరన స్పాంజి టోపీ ఉంటే అది ఊడిపోయిన మర్నాడే కొత్తది తెప్పించుకోండి, గాలి చప్పుడు ఆపేది అదే. కడ్డీని పెదవులకి సూటిగా ఎదురుగా కాకుండా నోటి మూలకి పక్కగా పెడితే ‘ప’, ‘ఫ’ అన్నప్పుడు ఊపిరి మైకు మీద కొట్టదు.

నేను ఇప్పుడు ఆఫీసులో మోనో హెడ్‌సెట్, ఇంట్లో పాత బడ్స్ వాడుతున్నాను. చిలకలూరిపేట డ్రైవర్ మొన్న ఫోన్ చేసినప్పుడు షెడ్డులో పూర్తి జోరు మీద రేకులు కొడుతున్నారు. వెనక చప్పుడు ఏమైనా వస్తోందా అని అడిగాను. ‘‘నీ వెనక ఏం లేదన్నా, నాకే ఇక్కడ టోల్ గేట్ దగ్గర హారన్లు, కాసేపాగి చేస్తా’’ అని పెట్టేశాడు.